మార్సష్లోక్‌లో ఆదివారాలు

మాల్టాలో పనిచేశానని తెలిస్తే చాలామంది రాజధాని వాలెట్టా కోట గురించో, కొమీనో దీవి దగ్గరున్న బ్లూ లగూన్ గురించో చెప్తాననుకుంటారు, నాకు మాత్రం ముందు నోటికొచ్చేది మార్సష్లోక్. మాల్టా దీవికి ఆగ్నేయం మూలన ఉన్న చిన్న జాలరి ఊరు అది. సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన చోట ఒడ్డు పొడుగునా ఒకటే రోడ్డు, రోడ్డుకి ఒక పక్క పసుపురంగు రాతి ఇళ్ళు, ఇంకో పక్క నీళ్ళు, నీళ్ళ నిండా రంగురంగుల పడవలు. ఊరంతా చూడ్డానికి గంట కూడా పట్టదు. కానీ నేను అక్కడ ఉన్నన్నాళ్ళూ ఆదివారం డ్యూటీ లేకపోతే చాలు, పొద్దున్నే అక్కడే ఉండేదాన్ని.

2016లో నర్సుగా ఒక వృద్ధాశ్రమంలో ఉద్యోగం వస్తే మాల్టా వెళ్ళాను. అప్పటికి మాల్టా అనే దేశం ఒకటుందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు, మా నాన్న మ్యాప్‌లో వెతికి వెతికి ఇటలీ కింద ఆ చుక్క కనిపెట్టి ఇంత చిన్నదాంట్లో మనుషులు ఎలా ఉంటారమ్మా అన్నారు. నిజంగానే చిన్నది, మొత్తం దేశం 316 చదరపు కిలోమీటర్లు. ఎటు వెళ్ళినా గంటలోపు సముద్రం వచ్చేస్తుంది. నాకు అదే ధైర్యం ఇచ్చింది అనుకుంటాను, మాది భీమిలి దగ్గర ఊరు, సముద్రం కనపడకపోతే నాకు దిక్కు తెలియదు. ముగ్గురం కలిసి ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం, నేను, గుంటూరమ్మాయి ఒకామె, కొట్టాయం నుంచి వచ్చిన మలయాళీ అక్క ఒకావిడ. ఆ అక్క మాకంటే ముందు నుంచే అక్కడ ఉంది, మొదటి నెల జీతం రాగానే మమ్మల్ని మార్సష్లోక్ తీసుకెళ్ళింది ఆవిడే. సూపర్ మార్కెట్ ఫ్రీజర్‌లో చేప తిని తిని ముఖాలు ఎలా అయిపోయాయో చూడండి, రేపు పొద్దున్నే లేవండి అంది.

వాలెట్టా గేటు బయట ట్రైటన్ ఫౌంటెన్ దగ్గర్లో బస్సులాగే చోటుంటుంది, దేశంలో బస్సులు చాలావరకు అక్కడి నుంచే బయల్దేరతాయి. అక్కడ 81 గానీ 85 గానీ ఎక్కితే మార్సష్లోక్. మార్గం మొత్తం రాతి గోడలే, చిన్న చిన్న పొలాలకి ఎర్రమట్టి, ఆ మట్టి కొట్టుకుపోకుండా సున్నం రాళ్ళు పేర్చి కట్టిన గోడలు, మధ్యలో నాగజెముడు డొంకలు. ఆదివారం పొద్దున బస్సు నిండా సంచులు పట్టుకున్న ముసలమ్మలు, కెమెరాలు పట్టుకున్న టూరిస్టులు. ఊళ్ళోకి దిగగానే ముందు వాసన తగులుతుంది, ఉప్పు, డీజిల్, పచ్చిచేప, ఎక్కడో వేయించే వెల్లుల్లి, అన్నీ కలిపి. ఆ వాసనకి నేను బస్సు దిగిన చోటే ఆగిపోయాను ఆ రోజు. వేల మైళ్ళ అవతల ఇలా ఇంటి వాసన రావడం ఏంటని.

పడవల గురించి చెప్పాలి. వాటిని లుత్సు అంటారు. రెండు వైపులా మొన తేలి, పొట్ట దగ్గర లావుగా, బలంగా ఉండే చెక్క పడవలు. నీలం, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, అడ్డంగా పట్టీలు పట్టీలుగా రంగులు వేస్తారు, ఏటా మళ్ళీ వేస్తారు. ముందు మొనకి అటొకటి ఇటొకటి కళ్ళుంటాయి. చెక్కలో చెక్కి, కనుబొమ్మ పెట్టి, నల్ల గుడ్డుతో సహా. ఫినీషియన్లు అనే పాతకాలపు సముద్ర వ్యాపారులు ఈ దీవికి వచ్చినప్పటి నుంచీ ఉన్న ఆచారం అంటారు అక్కడి వాళ్ళు, ఈజిప్టు దేవుడు ఒసిరిస్ కన్ను అని కూడా అంటారు, చెడు దృష్టి తగలకుండా, సముద్రంలో పడవకి దారి కనపడాలని. ఆ కళ్ళ పక్కనే సెయింట్ పీటర్ అనో, మేరీమాత పేరో రాసుంటుంది. కన్నూ ఉంటుంది, మాతా ఉంటుంది, ఒకదానికొకటి అడ్డం కాదు. మా ఊళ్ళో కొత్త పడవ దింపేటప్పుడు పసుపు రాసి కొబ్బరికాయ కొట్టడం చూస్తూ పెరిగినదాన్ని, నాకెవరూ విడమర్చి చెప్పక్కర్లేకపోయింది.

ఇక మార్కెట్. ఒడ్డు వెంబడి బల్లలు వేసుకుని, పైన గొడుగులో, టార్పాలిన్లో కట్టుకుని, ఐసు మీద చేపలు పరుస్తారు. అటు చివర నుంచి ఇటు చివర దాకా చేపలే కాదు, తేనె, మేక పాల జున్ను ఉండలు, ఉప్పులో ఊరేసిన కేపర్లు అనే మొగ్గలు, ఎండబెట్టిన టమాటాలు, గోజో దీవి లేసు గుడ్డలు, పిల్లల బొమ్మలు, దుప్పట్లు, ఏది కావాలంటే అది. టూరిస్టులు ఎక్కువ ఆ బొమ్మల దగ్గరా ఫొటోల దగ్గరా ఆగిపోతారు. చేపల బల్లల దగ్గర మాత్రం ఊరి వాళ్ళే, ఆ చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళే. కత్తంత పొడుగు ముక్కున్న స్వోర్డ్ ఫిష్, మా వైపు కొమ్ముకోనాంలా ఉండే రకం, దాన్ని చక్రాలు చక్రాలుగా కోసి పెట్టేవాళ్ళు, తల మాత్రం బల్ల చివర నిలబెట్టేవాళ్ళు, ముక్కు ఆకాశానికి చూస్తూ. ఆక్టోపస్‌లు, స్క్విడ్‌లు, ఎర్ర రొయ్యలు, వేలెడంత చిన్న చేపలు గుట్టలు గుట్టలు.

చేప కొనడం అంటే నాకు మా అమ్మ నేర్పిన చదువు. మొప్ప ఎత్తి చూడాలి, ఎర్రగా తడిగా ఉండాలి, గోధుమరంగుకి తిరిగితే వదిలెయ్. కన్ను ఉబ్బుగా నిగనిగలాడాలి, లోపలికి పోతే వదిలెయ్. పొట్ట మీద వేలుతో నొక్కితే గుంట పడకూడదు. మొదటిసారి నేను బల్ల దగ్గరకెళ్ళి ఏమీ మాట్లాడకుండా ఒక చేప మొప్ప ఎత్తాను. ఆ కొట్టు అతను, నలభై ఏళ్ళుంటాయేమో, ఎవరికో చేప తూస్తున్నవాడల్లా ఆగి నన్ను చూశాడు. రెండోది ఎత్తాను, మూడోది పక్కన పెట్టాను. అప్పుడతను ఏమీ అనకుండా వెనక ఉన్న డబ్బాలోంచి ఇంకో చేప తీసి నా ముందు పెట్టాడు. ఐసు మీద పరచనిది, అప్పుడే వచ్చింది. అంతే, ఆ రోజు నుంచి అతనే మా కొట్టు. శుభ్రం చేసేటప్పుడు తల తీసెయ్యనా అని అడిగితే వద్దొద్దు తల కావాలి అన్నాను, ఓ అల్యొట్టాకా అన్నాడు, అంటే వాళ్ళ చేపల చారు, తలకాయలు ముళ్ళు వేసి మరిగించి వడకట్టి చేస్తారు. కాదు పులుసుకి అంటే ఏం అర్థమయ్యిందో గానీ ఆ తర్వాత ఎప్పుడు వెళ్ళినా వేరేవాళ్ళు వదిలేసిన తలకాయలు కూడా కవర్‌లో వేసి ఇచ్చేవాడు, వాటికి డబ్బులు తీసుకునేవాడు కాదు. ఆ దేశంలో నన్ను కొత్తమనిషిగా చూడని మొదటి మనిషి అతనే అని ఇప్పటికీ అనుకుంటాను. ఆఫీసుల్లో, బ్యాంకులో, ఇల్లు అద్దెకి వెతికేటప్పుడు నేను ఎప్పుడూ ఎవరో బయటిమనిషినే. ఆ బల్ల ముందు మాత్రం చేప తెలిసిన మనిషిని.

మార్సష్లోక్ నాకు ఇంత దగ్గరవడానికి ఇంకో కారణం మా ఆశ్రమంలో ఉన్న పెద్దాయన. ఆ ఊరాయనే. వయసులో ఉన్నన్నాళ్ళూ సముద్రమే పని, మోకాళ్ళు పోయి వీల్ చైర్‌లోకి వచ్చాక పిల్లలు విదేశాల్లో ఉండడంతో ఇక్కడ చేరారు. పొద్దున బీపీ చూడ్డానికి వెళ్తే చెయ్యి చాచి ఊరుకునేవారు, పెద్దగా మాటల్లేవు. ఒక సోమవారం మాటవరసకి నిన్న మార్సష్లోక్ వెళ్ళానండి చేపలు కొన్నాను అన్నాను. ఆయన తల ఇటు తిప్పి అడిగిన మొదటి ప్రశ్న, గాలి ఎటు నుంచి వస్తోంది అని. నాకు తెలియదు అన్నాను. పడవల మొనలు ఎటు తిరిగున్నాయి అన్నారు. అది గుర్తుంది నాకు, చర్చి వైపు అన్నాను. అయితే ఫలానా గాలి, అయితే ఫలానా చేప వచ్చుండాలి, వచ్చిందా అన్నారు. వచ్చింది. అప్పటి నుంచి ప్రతి సోమవారం నాకు పరీక్షే. ఎన్ని పడవలు బయటికెళ్ళాయి, ఏ చేప ఎంత పలికింది, ఎవరెవరు వలలు బాగుచేస్తూ కనపడ్డారు. నేను ఆదివారం ఒడ్డున నడుస్తూ ఫోన్‌లో నోట్ చేసుకునేదాన్ని ఆయనకి చెప్పడానికి, దాంతో నాకు ఊరు చూడ్డం వచ్చింది.

పడవ మొన మీద పైన అడ్డంగా ఒక పట్టీ ఉంటుంది, దాన్ని వాళ్ళు మీసం అంటారు. ఆ మీసం రంగుని బట్టి అది ఏ ఊరి పడవో చెప్పొచ్చని ఆయనే చెప్పారు. ఇంట్లో ఎవరైనా పోతే ఆ మీసానికి నల్లరంగు వేస్తారట, రేవులోకి పడవ వస్తుంటేనే ఊరికి తెలిసిపోతుంది, ఎవరూ ఏమీ అడగక్కర్లేదు. ఇది విన్న తర్వాతి ఆదివారం నేను ఒడ్డు ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్కో పడవ మీసం చూసుకుంటూ నడిచాను. నల్లది ఒకటి కనపడింది. కిందంతా ఎప్పటిలాగే పసుపు, నీలం, ఎరుపు, పైన ఆ ఒక్క పట్టీ కొత్త నల్లరంగుతో మెరుస్తోంది. పడవ మీద ఒకతను కూర్చుని వల సర్దుకుంటున్నాడు. టూరిస్టులు అన్నిటితో పాటు ఆ పడవనీ ఫొటోలు తీసుకుంటున్నారు. నాకు ఫోన్ బయటికి తియ్యబుద్ధి కాలేదు.

లంపూకి గురించి ఆయన చెప్పడం మొదలుపెడితే ఇక ఆపేవారు కాదు. మహి-మహి అంటారే బయట దేశాల్లో, అదే చేప. ఆగస్టు సగం నుంచి ఏడాది చివరి దాకా దాని సీజన్, ఆ నాలుగైదు నెలలు మాల్టా మొత్తం దాని మీదే బతుకుతున్నట్టుంటుంది. దాన్ని పట్టే పద్ధతి నేను ఇంకెక్కడా చూడలేదు. ఈత మట్టలు, ఖర్జూరపు మట్టల జాతివి, కోసుకొచ్చి తేలే దిమ్మల మీద కట్టి సముద్రంలో వదుల్తారు, వాటిని కన్నిత్సాతి అంటారు. కింద సున్నం రాయి పలకలు లంగరుగా కడతారు. ఒడ్డు నుంచి లోపలికి మైళ్ళకి మైళ్ళు ఒక వరుసలో ఒకటి తర్వాత ఒకటి. ఏ పడవకి ఏ వరుసో లాటరీ తీసి నిర్ణయిస్తారు, గొడవల్లేకుండా. ఎండకి లంపూకి గుంపు ఆ మట్టల నీడలోకి చేరుతుంది, అప్పుడు పడవ వెళ్ళి చుట్టూ వల తిప్పుతుంది. రోమన్ల కాలం నుంచీ ఇలాగే పడుతున్నారని ఆయన అనేవారు. వేసవిలో ఆశ్రమం కిటికీ నుంచి రోడ్డు మీద మట్టలు వేసుకెళ్ళే ట్రక్కు కనపడితే చాలు, ఆయన రోజంతా హుషారుగా ఉండేవారు, మధ్యాహ్నం భోజనం కూడా అడిగి పెట్టించుకునేవారు.

నీళ్ళలోంచి తీసిన లంపూకిని చూడాలంటే పొద్దున్నే వెళ్ళాలి. బంగారం రంగు, వీపు మీద ఆకుపచ్చ, దాని మీద నీలం చుక్కలు. చచ్చిపోయిన కాసేపటికి ఆ రంగులన్నీ దిగిపోయి బూడిద వెండి రంగులోకి వచ్చేస్తుంది. ఒకసారి తెల్లవారకుండానే టాక్సీ మాట్లాడుకుని వెళ్ళాం ముగ్గురం, అప్పుడే పడవ వచ్చి డబ్బాలు దింపుతున్నారు. అడుగున ఒక చేప ఇంకా కొట్టుకుంటోంది, కొట్టుకున్నప్పుడల్లా ఆ పసుపు ఒంటి మీద అలలు అలలుగా వచ్చి పోతోంది, తల దగ్గర మొదలై తోక దాకా. చూస్తుండగానే ఆ పసుపు అంచుల్లోంచి వెలిసిపోవడం మొదలైంది. కొట్టాయం అక్క పక్కకి తిరిగిపోయింది. నేను చూశాను చివరిదాకా. సోమవారం పెద్దాయనకి అదే చెప్పాను, ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత నేను కూడా ఎప్పుడూ దానికి అలవాటు పడలేదు అన్నారు.

వంట దగ్గర మా ఇంట్లో ఎప్పుడూ చర్చలే. కేజీ ఏడెనిమిది యూరోలకి వచ్చేది సీజన్లో, పెద్దది తెస్తే మూడు రకాలు చేసుకోవచ్చు. నాకు చింతపండు పులుసు, పైన మెంతిపొడి, చివర్లో కొత్తిమీర. అక్కకి కుడంపులి అనే కేరళ పులుపు వేసిన ఎర్ర కూర, మట్టికుండలో చేసి మర్నాటికి తినాలి, ఆ కుండ కూడా సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకుని తెచ్చుకుంది. గుంటూరమ్మాయికి వేపుడు, అంతే, కారం కళ్ళల్లోంచి రావాలి. లంపూకి గట్టిగా ఉంటుంది ముక్క, పులుసులో విరగదు, ఉప్పూ పులుపూ బాగా పట్టుకుంటుంది, రెండోరోజు ఇంకా బాగుంటుంది. కింద ఇంట్లో ఉండే మాల్టీస్ ఆంటీకి ఒక గిన్నె ఇస్తే, నాలుగు రోజుల తర్వాత గిన్నె తిరిగిచ్చేటప్పుడు దాంట్లో లంపూకి పై పెట్టి ఇచ్చింది. పైన పిండి మూత, లోపల చేప ముక్కలు, పాలకూర, కాలీఫ్లవర్, ఆలివ్‌లు, కేపర్లు, టమాటా. చేపలో కాలీఫ్లవర్ ఏంటి అనుకుంటూ మొదలుపెట్టి ప్లేటు ఖాళీ చేశాం.

ఊరి చుట్టుపక్కల చరిత్ర కూడా నాకు ఆయన ప్రశ్నల వల్లే తెలిసింది. తాస్ సిల్జ్ గుట్ట ఎక్కావా అని అడిగారు ఒకసారి. ఊరి నుంచి కొంచెం పైకి నడిస్తే వస్తుంది, చుట్టూ కంచె, లోపల రాళ్ళు, పెద్దగా చూడ్డానికేమీ లేదనిపిస్తుంది. కానీ ఆ ఒక్క చోటే చరిత్రకి ముందు కాలంలో పెద్ద రాళ్ళతో గుడి కట్టారు, దాని మీదే ఫినీషియన్లు అస్టార్టే దేవతని పెట్టుకున్నారు, రోమన్లు వచ్చాక ఆమె జూనో అయింది, ఆ తర్వాత అక్కడే క్రైస్తవుల చర్చి వచ్చింది. గుడి మారింది, దేవత పేరు మారింది, చోటు మాత్రం మారలేదు. రోమన్ వక్త సిసెరో క్రీ.పూ. 70లో వెర్రెస్ అనే గవర్నరు దోపిడీల మీద చేసిన వాదనలో మాల్టాలోని జూనో గుడి ప్రస్తావన ఉంది. మసినిస్సా అనే రాజు సేనాని ఒకడు ఆ గుళ్ళోంచి పెద్ద ఏనుగు దంతాలు పట్టుకెళ్ళి రాజుకి కానుకిస్తే, అవి ఎక్కడివో తెలిశాక ఆ రాజు వాటిని మళ్ళీ గుడికి పంపించేశాడట. అలాంటి గుడిని వెర్రెస్ మనుషులు ఊడ్చేశారని సిసెరో మండిపడ్డాడు. ఆ గుట్ట మీద నిలబడి చూస్తే ఒక పక్క మార్సష్లోక్ రేవు మొత్తం కనపడుతుంది. సముద్రం మీద బతికే వాళ్ళు వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ చూసుకునే చోటు అది, గుడి అక్కడే ఎందుకు కట్టారో నిలబడితే తెలిసిపోతుంది.

ఆ రేవు అందంగా ఉంటుంది గానీ దానికి భయం కూడా తెలుసు. 1565 మేలో ఒట్టోమన్ నౌకలు మాల్టా మీదకొచ్చి లంగరేసింది ఇక్కడే, ఆ ముట్టడి సెప్టెంబర్ దాకా సాగింది. 1610లో ఒడ్డున సెయింట్ లూసియన్ కోట కట్టడం మొదలుపెట్టింది మళ్ళీ అలా ఎవరూ దిగకుండా. అయినా 1798లో నెపోలియన్ సైన్యం దిగిన చోట్లలో ఈ రేవూ ఒకటి. ఇప్పుడు ఆ కోటలో చేపల పెంపకం మీద పరిశోధన చేస్తున్నారు, ఫిరంగులున్న చోట చేపపిల్లలు, నాకు ఈ మార్పు చాలా నచ్చింది.

1989 సంగతి మాత్రం పెద్దాయన కళ్ళారా చూసింది. ఆ ఏడాది డిసెంబర్ 2, 3 తేదీల్లో అమెరికా అధ్యక్షుడు బుష్, సోవియట్ నేత గోర్బచేవ్ కలుసుకున్నది ఈ రేవులోనే, బెర్లిన్ గోడ కూలి నెల కూడా కాలేదు. ఒక రోజు సోవియట్ యుద్ధనౌకలో ఒక రోజు అమెరికా యుద్ధనౌకలో మాట్లాడుకోవాలని ఏర్పాటు, కానీ ఎంత గాలివాన వచ్చిందంటే పడవ మీద ఒక నౌక నుంచి ఇంకో నౌకకి వెళ్ళడమే కుదర్లేదు, చివరికి ఒడ్డున కట్టేసిన మాక్సిమ్ గోర్కీ అనే సోవియట్ ప్రయాణికుల నౌకలోనే మాట్లాడుకున్నారు. బుష్ తన నౌకలో ఇరుక్కుపోయి ఒక సాయంత్రం మీటింగే రద్దయింది. టీవీలో ప్రపంచం మొత్తం చూస్తోంది, మేం మాత్రం రాత్రంతా మా పడవల తాళ్ళు పట్టుకుని కూర్చున్నాం అన్నారు ఆయన. కోల్డ్ వార్ ముగిసిందని ప్రపంచం చెప్పుకునే ఆ రెండు రోజులు ఆయనకి గుర్తున్నది అలా, తాడు కోసుకుపోయిన అరచేతులతో.

అన్నీ అందంగా ఉన్నాయని చెప్పను. రేవుకి ఒక పక్క డెలిమారా విద్యుత్ కేంద్రం, ఇంకో పక్క బిర్జెబ్బుజా వైపు ఫ్రీపోర్టు క్రేన్లు. నేను వెళ్ళిన ఏడాదే గ్యాస్ నిల్వ చేసే పెద్ద ట్యాంకర్ నౌకని తెచ్చి రేవులోనే శాశ్వతంగా కట్టేశారు. లుత్సు పడవల వెనక అంత పెద్ద ఇనుప గోడ. ఊరివాళ్ళకి అదంటే భయం, కోపం రెండూ ఉండేవి, చేపల బల్ల దగ్గర కూడా అదే మాట. ఫొటోలు తీసేవాళ్ళు అది పడకుండా ఒంగి పక్కకి జరిగి తీస్తారు. నేను తీసిన ఫొటోల్లో మాత్రం అది ఉంటుంది, ఎందుకంటే ఊరు దాన్ని చూస్తూనే రోజూ లేస్తోంది, నేనెందుకు తీసెయ్యాలి. దాన్ని దాటుకుని డెలిమారా వైపు నడిస్తే సెయింట్ పీటర్స్ పూల్ వస్తుంది, రాతిలో సముద్రం తొలిచిన మడుగు, నీళ్ళు అడుగు దాకా కనపడతాయి, కుర్రాళ్ళు పైనుంచి దూకుతుంటారు. మేము కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తినేవాళ్ళం.

ఒక అక్టోబర్ ఆదివారం ఆశ్రమం వాళ్ళు మినీబస్సులో పెద్దవాళ్ళని మార్సష్లోక్ తీసుకెళ్ళారు, నేను డ్యూటీలో ఉన్నాను. అందర్నీ కేఫ్‌లో నీడన కూర్చోబెట్టి కిన్ని డ్రింకులు, పస్తిత్సి అనే జున్ను పఫ్‌లు ఇప్పించాం. పెద్దాయన పస్తిత్సి ముట్టుకోలేదు. బల్లల దగ్గరకి తీసుకెళ్ళమన్నారు. జనంలోంచి వీల్ చైర్ తోసుకుంటూ వెళ్ళాను, మా కొట్టు అతను ఆయన్ని చూసి చేతిలో కత్తి కింద పెట్టి ఆప్రాన్‌కి చేతులు తుడుచుకుని బయటికొచ్చాడు, వాళ్ళ నాన్న ఈయనతో వేటకి వెళ్ళేవాడట, నాకు అప్పటిదాకా తెలియదు. ఇద్దరూ మాల్టీస్‌లో ఏదేదో మాట్లాడుకున్నారు. తర్వాత పెద్దాయన ఐసు మీదకి వంగి బొటనవేలితో ఒక లంపూకి మొప్ప ఎత్తారు. వణికే చెయ్యి, బీపీ చూసేటప్పుడు అసలు నిలబడని చెయ్యి, మొప్ప దగ్గర మాత్రం నిలబడింది. పెద్దవి రెండు వద్దని తోసేసి మధ్యరకం చేప ఒకటి తీసుకున్నారు.

అక్కడితో అయిపోలేదు. ఆయన పడవ, ఎప్పుడో అమ్మేసింది, ఆ ఒడ్డునే కట్టి ఉంది. మీసం రంగు మారిపోయింది, కొన్నవాళ్ళు వేరే ఊరివాళ్ళు. కళ్ళు మాత్రం అవే, ఆయన చెక్కించినవే. పడవ మీద ఒక కుర్రాడు ఉన్నాడు. పెద్దాయన వీల్ చైర్ అంచు దాకా తోయించుకుని, తాడు ముడి చూసి, చెక్క కీళ్ళు చూసి, ఆ కుర్రాణ్ణి పిలిచి ఎంతకిస్తావ్ అని అడిగారు. నాకు గుండె ఝల్లుమంది, ఆ అబ్బాయి నవ్వుతాడేమో అని. నవ్వలేదు. కాసేపు ఆలోచించి ఒక ధర చెప్పాడు. ఈయన ఎక్కువ అన్నారు, ఇంజను పాతది కదా అన్నారు. ఆ అబ్బాయి ఇంజను మార్చానని మూత ఎత్తి చూపించాడు. పావుగంట బేరమాడుకున్నారు ఇద్దరూ, ఏ మాత్రం తేడా లేకుండా, అసలు కొనేవాడితో అమ్మేవాడు ఆడినట్టే. చివరికి కుదర్లేదు. ఆలోచించుకుని వచ్చే వారం వస్తానన్నారు ఈయన, రండి ఇక్కడే ఉంటానన్నాడు ఆ అబ్బాయి. ఆ కుర్రాడు ఎవరో, పేరేంటో నాకు తెలియదు, కానీ ఎక్కడున్నా బాగుండాలని ఇప్పటికీ కోరుకుంటాను.

కొన్న చేపని నేను ఇంటికి తీసుకెళ్ళి ఆయన చెప్పినట్టే అల్యొట్టా చేశాను. వెల్లుల్లి దంచకుండా సన్నగా తరిగి నూనెలో రంగు రాకుండా వేయించి, టమాటా, తల, ముళ్ళు వేసి మరిగించి వడకట్టి, గుప్పెడు బియ్యం, పుదీనా, మర్జోరం, దించాక నిమ్మకాయ. మా మేట్రన్ పర్మిషన్ తీసుకుని మర్నాడు ఫ్లాస్కులో పట్టుకెళ్ళాను. రొట్టె ముంచుకుని మొత్తం తాగారు. నిమ్మకాయ చాల్లేదు అన్నారు.

2019లో నేను మాల్టా వదిలి ఐర్లండ్ వచ్చేశాను, మా నర్సుల్లో చాలామంది అలాగే కదా, మాల్టాలో కొన్నేళ్ళు చేసి ఇటు వస్తాం. పెద్దాయన ఆ తర్వాత చలికాలంలో పోయారని అక్క ఫోన్ చేసి చెప్పింది. అక్క ఇంకా అక్కడే ఉంది, అక్కడే ఇల్లు కూడా కొనుక్కుంది. బస్సులు కూడా ఇప్పుడు అక్కడ ఉండేవాళ్ళకి కార్డు ఉంటే ఫ్రీ అయిపోయాయట, 2022 అక్టోబర్ నుంచి. మార్కెట్‌లో బట్టలు, బొమ్మలు అమ్మేవాళ్ళు పెరిగారు, చేపల బల్లలు తగ్గాయి అంటోంది, అది విన్నప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. మా కొట్టు మాత్రం ఉంది, అతను ఆ ఇండియన్ నర్సు ఏమైంది, తలకాయలు తీసుకెళ్ళేది అని ఒకటి రెండు సార్లు అడిగాడట.

ఈ అక్టోబర్‌లో మా ఆయన్నీ మా పాపనీ తీసుకుని వెళ్తున్నాం. శనివారం రాత్రికి దిగుతాం, ఆదివారం తెల్లవారకుండానే రేవులో ఉండాలి, పడవలు డబ్బాలు దింపే టైముకి. మా పాపకి ఏడేళ్ళు, మొప్ప ఎత్తి చూడ్డం ఇక్కడి ఫిష్ షాపులోనే నేర్పేశాను, షాపు వాళ్ళు కొంచెం కంగారుపడ్డారు గానీ ఏమీ అనలేదు. హోటల్ వద్దని వంటిల్లున్న రూమే తీసుకున్నాం. చింతపండు, మెంతిపొడి సర్దేశాను, అల్యొట్టాకి నిమ్మకాయలు అక్కడే కొంటాను, ఈసారి ఎక్కువే.